డయాలసిస్ మంచం మీద నేర్చుకున్నది: జబ్బులో దేవుణ్ణి ఎలా వెతుక్కోవాలి

నాకు కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడు రోజులు డయాలసిస్, అంటే మిషనుతో రక్తం శుభ్రం చేయించుకోవాలి. సోమ, బుధ, శుక్రవారాలు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి, తెనాలి దగ్గర మా పల్లె నుంచి ఆటోలో గుంటూరు వెళ్తాను. 6 గంటల షిఫ్టు నాది. రెండు సూదులు, 4 గంటలు. ఇది ఐదో ఏడు. అంతకు ముందు 27 ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా పనిచేశాను. ఆదివారాలు మా లూథరన్ మందిరంలో సండేస్కూలు పిల్లలకు బైబిలు కథలు చెప్పేదాన్ని. గుడ్డివాడికి చూపు రావడం, నడవలేనివాడు పరుపెత్తుకుని ఇంటికి పోవడం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బాగుపడని వాళ్ళ కథ ఒక్కటి కూడా చెప్పినట్టు గుర్తులేదు.

ఈమధ్య మా సంఘంలో ఒక తమ్ముడికి పక్షవాతం వచ్చింది. వాళ్ళావిడ నా పక్కన కూర్చుని, "అక్కా, ఇందులో దేవుడి ఉద్దేశం ఏంటో ఎలా తెలుసుకోవాలి? మీరెలా తట్టుకున్నారు?" అని అడిగింది. ఆ పూట ఆయాసంగా ఉండి సరిగా చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఓపిక ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా రాసింది ఇది. జబ్బుపడినవాళ్ళకీ, వాళ్ళను చూసుకునేవాళ్ళకీ పనికొస్తుందని నా ఆశ. నేను చేసి చూసినవే చెప్తాను.

ముందు ఒక కాగితం తీసుకోండి

మధ్యలో గీత గీయండి. ఎడమవైపు "ఎందుకు వచ్చింది" అని రాయండి. కుడివైపు "ఇందులో దేవుడు ఎక్కడున్నాడు" అని రాయండి. ఈ రెండూ ఒకటే ప్రశ్న అనుకోబట్టే మనలో చాలామందిమి నలిగిపోతాం.

ఎడమవైపుది డాక్టరును అడిగి నింపండి. నా కాగితం మీద ఇలా ఉంది: 18 ఏళ్ళుగా షుగరు. బీపీ. మోకాళ్ళ నొప్పులకు ఎవర్నీ అడక్కుండా మందుల షాపులో కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగిన నొప్పి బిళ్ళలు. అంతే. మన దగ్గర కిడ్నీలు పోయేవాళ్ళలో ఎక్కువమందికి షుగరు, బీపీలే కారణం. అందులో పెద్ద మర్మం ఏమీ లేదు. కానీ నేను మొదటి ఆరు నెలలూ ఆ కారణం వదిలేసి ఏ పాపానికి ఈ శిక్ష అని వెతుక్కున్నాను. పెళ్ళికి ముందు మా అమ్మతో మాట్లాడిన మాటల దగ్గర్నుంచి, ఆస్తి పంపకాల్లో మా చెల్లెలితో వచ్చిన పేచీ దాకా అన్నీ తవ్వాను.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిందీ ఇదే. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" అన్నారు. వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్ళూ కాదు అన్నాడు యేసు. దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే అన్నాడు. శిష్యులు వెనక్కి తిరిగి చూస్తున్నారు, ఆయన వాళ్ళ ముఖాలు ముందుకు తిప్పాడు. ఈ వాక్యం పిల్లలకు బట్టీ పట్టించినదాన్ని నేను. నా వంతు వచ్చేసరికి గుర్తు రాలేదు.

మీ నిర్లక్ష్యం నిజంగా ఉంటే, నాకున్నట్టు, దాన్ని దాచుకోకండి. దేవుడి ముందు ఒక్కసారి ఒప్పుకోండి. ఇంట్లో వాళ్ళ ముందు కూడా ఒక్కసారి. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ ఒప్పుకోవద్దు. క్షమించానన్నవాడి మాట నమ్మకపోవడం అవుతుంది అది.

ఇక కుడివైపు ఖాళీగా వదిలేయండి. తేదీ మాత్రం వేసి ఉంచండి. నా కాగితంలో కుడివైపు ఎనిమిది నెలలు ఒక్క అక్షరం పడలేదు. పడకపోతే మీ విశ్వాసం చచ్చిపోయిందని కాదు. ఎవరో వచ్చి చెప్పిన అర్థం అక్కడ రాసెయ్యకండి. మీది మీకే దొరకాలి.

మందులు మానొద్దు

ఇది ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా చెప్తున్నాను. మొదటి ఏడాదిలో స్వస్థత కూటానికి తీసుకెళ్ళారు నన్ను. అక్కడ ప్రార్థన చేసిన ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నమ్మినవాళ్ళకు మిషనుతో పనేంటమ్మా?" అన్నారు. ఆ మాట మీద నేను వరసగా రెండు డయాలసిస్‌లు ఎగ్గొట్టాను. నాలుగో రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటే కొంచెం ఆడింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మా ఆయన అర్ధరాత్రి ఆటో మాట్లాడి తీసుకుపోయారు. ఆ దారంతా ఆయన నా వీపు మీద చెయ్యి తియ్యలేదు.

తేరుకున్నాక బైబిల్లో ఈ సంగతే వెతుకుతూ చదివాను. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు 15 ఏళ్ళు ఆయుష్షు పెంచుతానన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. మాట కూడా దేవుడిదే, పట్టు కూడా దేవుడిదే. పౌలు తన చేతుల మీదుగా ఎంతమందికో స్వస్థత జరిగినవాడు. ఆయన తిమోతికి రాసిన ఉత్తరంలో నీ కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకో అని వైద్యం చెప్పాడు. తనతో కలిసి తిరిగిన త్రోఫిముకు జబ్బుగా ఉంటే మిలేతు ఊళ్ళో వదిలి వచ్చానని ఇంకోచోట రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క రాయలేదు.

స్వస్థత అడగొద్దని నేననను. నేను అడుగుతాను. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు కూడా నమోదు చేయించుకున్నాను, అదీ ప్రార్థనలో భాగమే. కానీ అడగడానికి ఒక రోజు పెట్టుకున్నాను. నెలలో మొదటి ఆదివారం, ప్రభు భోజనం తీసుకున్నాక. ఆ రోజు దాపరికం లేకుండా అడుగుతాను. మిగతా రోజుల్లో పొద్దస్తమానం "బాగైందా, బాగైందా" అని ఒంటిని తడుముకుంటూ ఉంటే ఇంక దేవుడితో మాట్లాడటానికి తీరికేదీ? పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా మూడుసార్లే అడిగాడు. పౌలుకు వచ్చిన జవాబు మనందరికీ తెలుసు: "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ఈ వాక్యాన్ని ఇంటి గోడలకు ఫ్రేములు కట్టించుకుంటాం. అది తీసెయ్యనన్న జవాబు అని గుర్తుపెట్టుకుని చదవండి. అప్పుడు దాని బరువు తెలుస్తుంది.

గొంతెత్తి మొరపెట్టుకోండి

మన సంఘాల్లో జబ్బుమనిషిని "ఎలా ఉన్నారు" అంటే "దేవుని కృపవల్ల బాగున్నాను" అనాలి. నేనూ అన్నాను, వాంతులు ఆపుకుంటూ. దానివల్ల నా ప్రార్థన కూడా అబద్ధమైపోయింది.

13వ కీర్తన తీయండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. రెండు వచనాల్లో నాలుగుసార్లు ఆ ప్రశ్నే. దీన్ని మనసులో చదవొద్దు, పైకి చదవండి. చదివాక మీ సంగతి అదే వరసలో చెప్పండి. ఎన్నాళ్ళు ఈ సూదులు. ఎన్నాళ్ళు మా అబ్బాయి జీతంలో సగం నాకే పోవాలి. ఎన్నాళ్ళు మామిడికాయ ముక్క వాసన చూసి పక్కన పెట్టాలి. చిన్నవీ పెద్దవీ కలిపే చెప్పండి. కీర్తన చివర్లో స్తుతి ఉందని మీరూ తొందరపడి స్తుతిలోకి దూకకండి. అక్కడికి చేరేరోజు చేరతారు.

88వ కీర్తనలో అదీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఒక సోమవారం మిషను మీద బీపీ పడిపోయి, కాళ్ళు కొంకర్లు పోయి, ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని అది చదివాను. ఓదార్పు మాట ఒక్కటీ లేని ఆ కీర్తన నన్ను ఓదార్చినంతగా ఏదీ ఓదార్చలేదు. నాకంటే ముందు ఎవరో ఇక్కడ పడుకున్నారు, వాళ్ళ మూలుగును దేవుడు తన గ్రంథంలోంచి కొట్టెయ్యలేదు. ఆ రాత్రే కుడివైపు గడిలో మొదటి మాట రాశాను: "విన్నాడు."

మీ నొప్పి యేసు ఒంట్లో ఎక్కడుందో వెతకండి

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే.

డయాలసిస్ మనిషికి సూది నొప్పి పెద్దది కాదు. దాహం పెద్దది. నాకు మూత్రం దాదాపు రాదు. తాగిన నీళ్ళన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. మళ్ళీ మిషను తీసేదాకా కాళ్ళు, ముఖం ఉబ్బుతాయి, ఊపిరి బరువెక్కుతుంది. మా డాక్టరుగారు రోజుకు 750 మిల్లీలీటర్లు అన్నారు. అందులోనే మజ్జిగ, చారు, టీ, బిళ్ళలు మింగే నీళ్ళు, అన్నీ. మే నెలలో మా ఊళ్ళో మంచినీళ్ళ కుండ పక్కనుంచి నడిచి పోవడమే ఒక పరీక్ష. కలలో బోరింగు కొట్టుకుంటూ దోసిలి పట్టిన రోజులున్నాయి.

ఒక ఏడాది గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో కూర్చున్నాను. గుంటూరు మండుతోంది. ఐదో మాట చదివారు: "నేను దప్పిగొనుచున్నాను." చిన్నప్పటి నుంచి ఏటా వింటున్న మాట. ఆ రోజు నా నాలుక అంగిటికి అంటుకుని ఉంది. ఆయన రక్తం పోయి, చెమట పోయి, ఎండలో నోరు ఆరిపోయి అన్నాడు ఆ మాట. బోధ చెప్పడానికి అన్న మాటగా వినబడలేదు నాకు. ఒంట్లో నీళ్ళు అయిపోయిన మనిషి మాట అది. నేను మిషను మీద పడుకుని ఎన్నిసార్లు అన్నానో అదే మాట. లోకాన్ని చేసినవాడికి నా దాహం తెలుసు, చూసి తెలుసుకున్నట్టు కాదు, నోట్లో తెలుసు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మా పిల్లలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె అటక మీంచి తీయించాను. చిన్న ముక్కున్న వెండి గిన్నె, అంచు దగ్గర మా పెద్దవాడి పంటి గాటు ఉంటుంది. పొద్దున్నే ఆ రోజు నీళ్ళు కొలిచి సీసాలో పోసుకుంటాను. దాహమైనప్పుడల్లా సీసా ఎత్తను, ఉగ్గుగిన్నెలోకి వంపుకుంటాను. నిండా పోస్తే రెండు గుక్కలు. మొదటి గుక్క నోట్లో ఉంచుకుని, "ప్రభువా, దప్పిగొన్నది నువ్వూ నేనూ" అంటాను. రెండో గుక్కకు ముందు, ఆ పూట దాహంగా ఉన్న ఇంకొకరి పేరు చెప్తాను. పక్క బెడ్డు మనిషి, బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే మా వీధి చివర కోడలు, ఎవరో ఒకరు. రోజుకు ఇరవైసార్లు తాగితే ఇరవై ప్రార్థనలు. దాహం తగ్గలేదు. కానీ అది నన్ను ఒక్కదాన్ని చేసి కూర్చోబెట్టే శక్తి పోయింది.

మొదటి ఆదివారం ప్రభు భోజనంలో చిన్న గాజు గిన్నెలో ద్రాక్షారసం ఇస్తారు. దాన్ని కూడా నా 750లో లెక్క వేసుకుంటాను. ఆ లెక్క వేసేటప్పుడు ఎంత విలువగా ఉంటుందో, ఒంట్లో బాగున్న రోజుల్లో ఎప్పుడూ తెలియలేదు.

మీకు దాహం కాకపోవచ్చు. మీది ఏదో మీరు వెతకాలి. నిద్రపట్టని రాత్రులైతే గెత్సేమనే తోటకు వెళ్ళండి, తోడుండమన్నవాళ్ళు నిద్రపోయారక్కడ. నీరసమైతే సమరయ బావి గట్టు, ప్రయాణానికి అలసిపోయి కూర్చుండిపోయాడు. బరువు ఎత్తలేకపోతున్నారా? ఆయన సిలువను కురేనీయుడైన సీమోను చేత మోయించారు. ఇంకొకరు మీకు స్నానం చేయించాల్సి వచ్చి సిగ్గుతో చచ్చిపోతున్నారా? ఆయన బట్టలు లాగేసి చీట్లు వేసుకున్నారు. నాలుగు సువార్తల్లో శ్రమల అధ్యాయాలు నిదానంగా, రోజుకు పది వచనాల చొప్పున చదవండి. మీ నొప్పి ఉన్నచోట వేలు పెట్టండి. ఆ వచనం మీకు దొరికాక ఇక వదలకండి.

ప్రార్థనకు ఓపిక లేని రోజు

నా ఎడమ ముంజేతికి ఫిస్టులా ఉంది. ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలిపారు, సూదులు అక్కడే గుచ్చుతారు. దాని మీద వేళ్ళు పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉందో లేదో రోజూ చూసుకోవాలి. ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు మొయ్యకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు. నేను ఆ చేతి గాజులన్నీ తీసేశాను. ముత్తైదువ చెయ్యి బోసిగా ఉందేంటని మొదట్లో చాలామంది అడిగారు.

రోజూ నిద్ర లేవగానే కళ్ళు తెరవకముందే కుడిచేతి వేళ్ళు అక్కడ పెడతాను. అదురు తగలగానే "ఉన్నావు" అంటాను. అంతే నా పొద్దుటి ప్రార్థన. దేవుడికి చెప్తున్నానో నాకు చెప్పుకుంటున్నానో, రెండూనో. చూసుకోవాల్సిన పరీక్ష ఎలాగూ చూసుకోవాలి, దానికే ప్రార్థనను కట్టేశాను. మీరు కూడా అలాగే కట్టేయండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు సూది గుచ్చుకునేటప్పుడు, ఇన్‌హేలర్ వాళ్ళు ఊపిరి బిగబట్టిన ఆ పది క్షణాల్లో. విడిగా అరగంట మోకరించడం ఒళ్ళు సహకరించినప్పుడు చేద్దురుగాని.

నలుగుర్ని పిలుచుకోండి

మన వైపు "నలుగురు" అంటే పాడె మోసేవాళ్ళే గుర్తొస్తారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో నలుగురు బతికున్న మనిషిని మోశారు. ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా యేసు ముందుకు దింపారు. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంటుంది. పరుపు మీదివాడి విశ్వాసం సంగతి ఎత్తలేదు. ఈ ఒక్క మాట మీద నేను ఎన్ని నెలలు పడుకున్నానో. నమ్మే శక్తి లేనప్పుడు నా బదులు నమ్మేవాళ్ళు ఉంటే చాలు.

కాబట్టి నలుగురి పేర్లు రాసుకుని, వెళ్ళి అడగండి. వాళ్ళంతట వాళ్ళు రావాలని ఎదురుచూడొద్దు. యాకోబు పత్రికలో కూడా రోగియే సంఘపు పెద్దలను పిలిపించాలని ఉంది. పిలవకుండా ఎవరూ రాలేదని అలిగి కూర్చోవడం నేనూ చేశాను, దానివల్ల నాకు దక్కింది ఏమీ లేదు. ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్పండి. మా స్త్రీల సమాజం కార్యదర్శి సోమవారం నేను మిషను మీదున్న 4 గంటల్లో ఒకసారి నా కోసం ప్రార్థన చేస్తుంది. మా ఎదురింటి బీబమ్మగారు శుక్రవారం వంట పంపిస్తుంది, ఉప్పు లేకుండా, కూరముక్కలు ఉడికించి నీళ్ళు వంచేసి, నాకెలా కావాలో అలాగే. ఆటో అబ్బాయి నేను నడవలేనినాడు లోపలిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. నాలుగోది మా అమ్మాయి. ఆమె పని ఏడవడం. నేను ఏడిస్తే తనూ ఏడుస్తుంది, ఊరుకోమనదు.

"అందరికీ భారమైపోయాను" అనే మాట నా నోట ఎప్పుడూ ఉండేది. మా పాస్టరుగారు ఒకసారి విని, గలతీ పత్రిక 6వ అధ్యాయం తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు. "ఒకని భారముల నొకడు భరించి, యీలాగు క్రీస్తు నియమమును పూర్తిగా నెరవేర్చుడి." భారం ఉండేవాళ్ళు లేకపోతే భరించేవాళ్ళు ఏం భరిస్తారు? సంఘంలో నాకూ ఒక స్థానం ఉందని, అది మోయించుకునేవాళ్ళ స్థానమని అప్పుడు అర్థమైంది. ఇచ్చేచేతికి అలవాటుపడిన టీచరుకు అది తేలిగ్గా మింగుడుపడలేదు.

పరామర్శకు వచ్చేవాళ్ళ గురించి రెండు మాటలు. కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు తెస్తారు ప్రేమగా. కిడ్నీ మనిషికి వాటిలోని పొటాషియం గుండెకే ప్రమాదం. తీసుకుని, థాంక్స్ చెప్పి, వాళ్ళ కళ్ళ ముందే ఇంకెవరికైనా పంచేయండి. మీరే పరామర్శకు వెళ్తుంటే యోబు స్నేహితులను తలుచుకోండి. వాళ్ళు ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. అదొక్కటే వాళ్ళు సరిగ్గా చేసింది.

చేతనైన పని

1954లో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల (సీఎంసీ) ఆసుపత్రిలో పనిచేస్తుండగా రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, తనలా పడిపోయినవాళ్ళను లేపే పునరావాస విభాగం అక్కడే మొదలుపెట్టారు. మన జిల్లాల నుంచి రైలెక్కి వేలూరు పోయే మనుషులెందరో, వాళ్ళలో నేనూ ఉన్నాను. మన దేశంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి 1971లో జరిగిందీ అక్కడే. మేరీగారి సంగతి ఆ వరండాలోనే విన్నాను. ధైర్యమూ వచ్చింది, భయమూ వేసింది. అంత పని నావల్ల ఏమవుతుంది?

ఆ భయానికి మందు భక్తసింగ్‌గారి దగ్గర దొరికింది. దేశమంతా తిరిగి గంటల తరబడి ప్రసంగాలు చేసిన మనిషి. చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ జబ్బుతో హైదరాబాదులో తన హెబ్రోను మందిరంలోనే మంచాన పడ్డారు, 2000 సెప్టెంబరులో పోయారు. ఆ మంచం మీది ఏళ్ళను దేవుడు పని లేని ఏళ్ళుగా లెక్క కట్టి ఉంటాడా? ఉండడని నా నమ్మకం. మీకు మేరీగారి పని దొరికితే చేయండి. మంచమే దొరికితే, ఆ మంచం మీద ఉండండి.

నాకు దొరికింది మధ్యరకం. మా వార్డులో పది బెడ్లు. మిషను మీద ఎడమ చెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి ఖాళీ. పావుగంటకో బెడ్డు చొప్పున, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఆ మనిషిని చూసి ప్రార్థిస్తాను. పేరు, నిన్నటి బరువు, ఇంట్లో గొడవ, నాకు తెలిసింది చెప్తాను దేవుడికి. హిందువులున్నారు, సాయిబులున్నారు, అడిగితేనే పైకి ప్రార్థిస్తాను. అడక్కపోతే వాళ్ళ క్షేమం అడగడానికి వాళ్ళ పర్మిషన్ అక్కర్లేదు.

పక్క బెడ్డులో ఒక పిన్నిగారు ఉండేది. ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు కొండెక్కేదట. 11వ తేదీని పోప్ రెండవ జాన్‌పాల్ 1992లో రోగుల దినంగా ప్రకటించారని ఆవిడ చెప్తేనే నాకు తెలిసింది. "ఆ రోజు మన పండగే పిల్లా" అనేది. మేం లూథరన్లం జపమాల తిప్పం. కానీ ఆవిడ జపమాల పూసలు ఒక్కొక్కటీ వార్డులో ఒక్కొక్కరి కోసం జరపడం చూసే నేను వేళ్ళ మీద లెక్క నేర్చుకున్నాను. మూడేళ్ళు పక్కపక్కన పడుకున్నాం. పోయిన క్రిస్మస్ ముందు ఒక బుధవారం ఆవిడ రాలేదు. టెక్నీషియన్ బాబు దుప్పటి మార్చి, మిషను తుడిచి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు.

అలాంటి రోజుకు పద్ధతి ఏమీ చెప్పలేను. ఆ పూట ఆవిడ బెడ్డు వంతు వచ్చినప్పుడు వేలు మడవకుండా అలాగే ఉంచాను. ఇంటికొచ్చి కాగితం కుడివైపు ఆవిడ పేరు రాశాను. ఇప్పుడు అక్కడ ఆరు మాటలున్నాయి, నాలుగు మనుషుల పేర్లే.

మొన్న సోమవారం ఆ బెడ్డులోకి ఒక కుర్రాడు వచ్చాడు, పాతికేళ్ళు కూడా లేవు. వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. మిషను ఎక్కిన గంటకు నా వైపు తిరిగి, "ఆంటీ, దాహానికి ఏం చేస్తారు?" అని అడిగాడు. వాడిది ఏ మతమో నాకు తెలియదు. ఉగ్గుగిన్నె గురించి చెప్పాను, ఎన్ని గుక్కలు పడతాయో, ఎలా వంపుకోవాలో. ఆ గుక్క నోట్లో ఉన్నప్పుడు నేను ఏమనుకుంటానో కూడా, అడిగాడు కాబట్టి, చెప్పాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళమ్మ, "వీడిది ఇంకా ఇంట్లోనే ఎక్కడో ఉందండీ, వెతుకుతాను" అంది.